సమతల వక్రాల అసాధారణ బిందువులు - టోపాలజీ నిశ్చరాలు

సంకీర్ణ వైశ్లేషిక జ్యామితిలో ఒక సమతల వక్రం ఏదైనా బిందువు వద్ద నునుపుతనం కోల్పోయి, తనను తాను ఖండించుకొన్నా, మొనదేలినా, మరొక విధంగా ముడుచుకొన్నా ఆ బిందువును '''అసాధారణ బిందువు''' అంటారు. అటువంటి బిందువు పరిసరాన్ని తెంచకుండా, అతికించకుండా ఎంత సాగదీసినా, ఎంత వంచినా మారకుండా నిలిచే సంఖ్యలను, బహుపదులను, ఆకృతులను ఆ బిందువు యొక్క '''టోపాలజీ నిశ్చరాలు''' అంటారు. శాఖల సంఖ్య, గుణకత్వం, ప్యూసో ఘాతాంకాలు, లంకె సంఖ్యలు, డెల్టా సంఖ్య, మిల్నర్ సంఖ్య, అలెగ్జాండర్ బహుపది వీటిలో ముఖ్యమైనవి. వక్రం యొక్క సమీకరణంలో అనంతంగా పదాలు ఉన్నప్పటికీ దాని టోపాలజీని నిర్ణయించేవి కొద్దిపాటి పూర్ణాంకాలు మాత్రమే అన్నది ఈ విషయంలో ప్రధాన ఫలితం. ఆ పూర్ణాంకాలు సమీకరణంలో ఎంత భాగాన్ని గుర్తుంచుకొంటాయి, ఎంత భాగాన్ని మరచిపోతాయి అన్నదే ఈ వ్యాస విషయం.

ఈ వ్యాసంలో అడ్డు నిరూపకాన్ని క్ష అనీ, నిలువు నిరూపకాన్ని య అనీ, పరామితిని త అనీ, ప్రమేయాన్ని ఫ అనీ సూచించడం జరిగింది. భిన్న ఘాతాలను క్ష^(3/2) అన్న రీతిలో వ్రాయడం జరిగింది.

నిర్వచనం

ఫ(క్ష, య) అనేది మూలబిందువు దగ్గర అభిసరించే ఘాత శ్రేణి అనుకొందాం. సాధారణ బహుపది అయినా సరే. ఇందులో క్ష, య లు సంకీర్ణ సంఖ్యలు. ఫ(క్ష, య) = 0 ను తృప్తిపరచే బిందువుల సమితే సమతల వక్రం. మూలబిందువు వక్రం మీద ఉండి, అక్కడ ఫ యొక్క రెండు పాక్షిక అవకలజాలూ సున్న అయితే అది అసాధారణ బిందువు. వాటిలో ఏ ఒక్కటి సున్న కాకపోయినా వక్రం అక్కడ నునుపుగా, సరళరేఖ ముక్కను కొద్దిగా వంచినట్లుగా ఉంటుంది. ఫ లో ఏ కారణాంకమూ రెండుసార్లు రాదని ఈ వ్యాసమంతటా భావించాలి.

ఉదాహరణకు య² = క్ష² + క్ష³ అనే వక్రం మూలబిందువు వద్ద తనను తానే దాటుతుంది. అక్కడ దానికి య = క్ష, య = −క్ష అనే రెండు స్పర్శరేఖలు ఉంటాయి. దీనిని కూడలి బిందువు అంటారు. య² = క్ష³ అనే వక్రానికి మూలబిందువు వద్ద ఒక మొన ఉంటుంది. దీనిని మొన బిందువు అంటారు. అసాధారణ బిందువులన్నిటిలోనూ సరళమైనవి ఈ రెండే.

ఘాత శ్రేణుల వలయంలో ఫ ను ఇక విడదీయలేని కారణాంకాలుగా వ్రాసినప్పుడు ఒక్కొక్క కారణాంకం వక్రానికి ఒక్కొక్క '''శాఖ'''ను ఇస్తుంది. య² − క్ష² − క్ష³ బహుపదిగా విడిపోదు. కాని ఘాత శ్రేణుల మధ్య అది రెండు కారణాంకాలుగా విడిపోతుంది, ఎందుకంటే 1 + క్ష కు మూలబిందువు దగ్గర వర్గమూలం ఉంటుంది. కనుక కూడలి బిందువుకు శాఖలు రెండు, మొన బిందువుకు ఒకటి. ఫ లోని పదాలలో అతి తక్కువ ఘాతాన్ని '''గుణకత్వం''' అంటారు. పై రెండింటికీ అది 2.

కాగితం మీద కనబడనిది

పాఠశాలలో వక్రాన్ని గీసేటప్పుడు వాస్తవ సంఖ్యలను మాత్రమే తీసుకొంటారు. అసాధారణ బిందువుల విషయంలో ఆ బొమ్మ తరచు తప్పుదారి పట్టిస్తుంది. య³ = క్ష⁴ అనే వక్రాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తే అది పరావలయం వలె నున్నగా కనబడుతుంది. మూలబిందువు వద్ద ఏదో లోపం ఉన్నదని చూపరులకు అనుమానమైనా రాదు. నిజానికి ఆ బిందువు గుణకత్వం 3. అందుకు విరుద్ధంగా క్ష² + య² = 0 కు కాగితం మీద మిగిలేది ఒకే ఒక చుక్క. సంకీర్ణ సంఖ్యలలో అది రెండు సరళరేఖల కూడలి.

అందుచేత సంకీర్ణ సంఖ్యలలోనే పని చేయాలి. క్ష కు వాస్తవ, కాల్పనిక భాగాలు రెండు, య కు రెండు, మొత్తం నాలుగు పరిమాణాల అంతరాళం. అందులో వక్రం రెండు పరిమాణాలు గల తలం. పేరుకు వక్రమే అయినా మనస్సులో ఊహించుకోవలసింది ఒక గుడ్డ ముక్కను.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. మొన బిందువు గల య² = క్ష³ ను క్ష = త², య = త³ అని పరామితి రూపంలో వ్రాయవచ్చు. త యొక్క ఒక్కొక్క విలువకు వక్రం మీద ఒక్కొక్క బిందువు వస్తుంది, ఏదీ రెండుసార్లు రాదు. అంటే టోపాలజీ దృష్టిలో ఈ వక్రం సామాన్యమైన వృత్తాకారపు బిళ్ళ. విడదీయలేని శాఖ ఏదైనా అంతే. కాబట్టి వక్రాన్ని విడిగా పరిశీలిస్తే ఏ రహస్యమూ బయటపడదు. ఆ బిళ్ళ నాలుగు పరిమాణాల అంతరాళంలో ఏ విధంగా కూర్చొని ఉన్నది అన్నదే అసలు ప్రశ్న.

అసాధారణ బిందువు చుట్టూ ముడి

ఈ కూర్చొనే తీరును పట్టుకొనే ఉపాయం సులభమైనది. మూలబిందువు కేంద్రంగా చాలా చిన్న గోళాన్ని తీసుకోవాలి. నాలుగు పరిమాణాలలో గోళం యొక్క ఉపరితలానికి మూడు పరిమాణాలు ఉంటాయి. దాని నుంచి ఒక్క బిందువును తొలగిస్తే మిగిలేది మనం నివసించే అంతరాళం వంటిదే. వక్రం ఈ గోళాన్ని ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ మూసిన తీగల వెంట ఖండిస్తుంది. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క తీగ. ఈ తీగలు ముడిపడి ఉండవచ్చు, ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉండవచ్చు.

మొన బిందువు వద్ద ఏమవుతుందో లెక్కించవచ్చు. గోళం మీద క్ష, య ల పరిమాణాలు స్థిరంగా ఉంటాయి, కోణాలు మాత్రమే మారుతాయి. త ఒక చుట్టు తిరిగేసరికి క్ష కోణం రెండు చుట్లు, య కోణం మూడు చుట్లు తిరుగుతాయి. రెండు గడియారాల ముళ్ళు వేర్వేరు వేగాలతో తిరిగి ఒకేసారి మొదటి స్థానానికి వచ్చినట్లు. రెండు కోణాలు కలిసి గారె ఆకారపు ఉపరితలాన్ని (టోరస్) ఏర్పరుస్తాయి. తీగ దాని మీద ఒక దిశలో రెండుసార్లు, మరొక దిశలో మూడుసార్లు చుట్టుకొంటుంది. తాడుతో ఇలా చుట్టి చివరలు కలిపితే వచ్చేది మూడు రేకుల ముడి. దానిని తెంచకుండా విప్పడం అసాధ్యం. కనుక మొనను టోపాలజీ మార్గంలో ఎంత సాగదీసినా నునుపైన బిందువుగా మార్చడం అసాధ్యం. నునుపైన బిందువుకు వచ్చే తీగ ముడి లేని వలయం మాత్రమే.

ఇదే విధంగా మ, న లకు 1 తప్ప వేరే సామాన్య భాజకం లేనప్పుడు య^మ = క్ష^న అనే వక్రం (మ, న) టోరస్ ముడిని ఇస్తుంది. వాటి గరిష్ఠ సామాన్య భాజకం 1 కన్నా ఎక్కువైతే తీగలు అన్ని ఉంటాయి. య² = క్ష⁴ అన్నది య = క్ష², య = −క్ష² అనే రెండు నునుపైన శాఖలు. దాని తీగలు రెండూ విడివిడిగా ముడి లేనివే, కాని ఒకదాని చుట్టూ మరొకటి రెండుసార్లు మెలివేసుకొని ఉంటాయి. ఈ మెలికల లెక్కను '''లంకె సంఖ్య''' అంటారు. రెండు శాఖల తీగల లంకె సంఖ్య, ఆ శాఖలు మూలబిందువు వద్ద ఖండించుకొనే గుణకత్వానికి సమానం. ఒకటి టోపాలజీ లెక్క, మరొకటి బీజగణితం లెక్క. రెండింటికీ ఒకే జవాబు రావడం ఈ విషయమంతటికీ ఆయువుపట్టు.

చిన్న గోళం లోపల వక్రం తన ముడి నుంచి మూలబిందువు వరకు గీసిన శంకువు వలె ఉంటుందని జాన్ మిల్నర్ 1968లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. కాబట్టి ముడి తెలిస్తే బిందువు పరిసరపు టోపాలజీ అంతా తెలిసినట్లే.

ప్యూసో శ్రేణులు

ఫ(క్ష, య) = 0 నుంచి య ను క్ష యొక్క భిన్న ఘాతాల శ్రేణిగా రాబట్టే పద్ధతిని న్యూటన్ 1676లో లైబ్నిజ్‌కు అందవలసిన ఒక లేఖలో వివరించాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు విక్టర్ ప్యూసో 1850లో దానికి సంకీర్ణ ప్రమేయాల నేపథ్యంలో గట్టి పునాది వేశాడు. ప్రస్తుతం ఈ శ్రేణులు ఆయన పేరుతోనే చెలామణి అవుతున్నాయి.

శ్రేణిలో పదాలు ఎన్ని ఉన్నా ముడిని నిర్ణయించేవి కొన్ని మాత్రమే. ఎడమ నుంచి చదువుతూ పోతే, అప్పటి వరకు ఉన్న హారంతో వ్రాయడానికి వీలుకాని ఘాతాంకం ఎక్కడ వస్తే అది '''లాక్షణిక ఘాతాంకం'''. ఉదాహరణకు య = క్ష + క్ష^(3/2) + 5క్ష² + క్ష^(5/2) లో లాక్షణిక ఘాతాంకం 3/2 ఒక్కటే. ఎందుకంటే 5/2 లో కొత్త హారం ఏమీ లేదు. గుణకం 5 ఉన్నా 500 ఉన్నా తేడా లేదు. ఈ వక్రం ముడి కూడా మూడు రేకుల ముడే.

య = క్ష^(3/2) + క్ష^(7/4) లో మాత్రం 3/2, 7/4 రెండూ లాక్షణికాలే. పరామితి రూపంలో ఇది క్ష = త⁴, య = త⁶ + త⁷. భిన్న ఘాతాలను తొలగిస్తే (య² − క్ష³)² = 4క్ష⁵య + క్ష⁷ అనే సమీకరణం వస్తుంది. దీని ముడిని ఇలా ఊహించవచ్చు. మొదట 3/2 వలన మూడు రేకుల ముడి. ఆ ముడి వేసిన తాడును ఒక గొట్టంగా భావించి, దాని ఉపరితలం మీద మరొక తీగను గొట్టం పొడవునా రెండుసార్లు పోయేటట్లు చుట్టాలి. ఆ తీగ గొట్టం చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుంది? 7 అని చెప్పాలనిపిస్తుంది, కాని సరైన జవాబు 13. కొత్త తీగకు, గొట్టం నడుమ ఉన్న మూడు రేకుల ముడికి గల లంకె సంఖ్యే ఇక్కడ కావలసిన లెక్క. దానికై క్ష = త⁴, య = త⁶ + త⁷ లను య² − క్ష³ లో ప్రతిక్షేపిస్తే 2త¹³ + త¹⁴ వస్తుంది. అందులో అతి తక్కువ ఘాతం 13. ముడి వేసిన గొట్టం తానే మెలి తిరిగి ఉండడం వలన 12 చుట్లు వచ్చాయి, కొత్తగా చేరింది ఒక్కటే.

ఈ ముడుల పరిశీలన వియన్నాలో విల్హెల్మ్ విర్టింగర్ ఆలోచనలతో మొదలై, 1928లో కార్ల్ బ్రౌనర్ వ్యాసంతో స్పష్టమైన రూపం పొందింది. 1929లో ఎరిక్ కేలర్ దానిని సులభతరం చేశాడు. లాక్షణిక ఘాతాంకాలు వేరైతే ముడులు కూడా తప్పక వేరవుతాయని 1932లో వెర్నర్ బురావ్, ఆస్కార్ జరిస్కీ వేర్వేరుగా నిరూపించారు. శాఖలు ఎన్ని ఉన్నా, ఒక్కొక్క శాఖ లాక్షణిక ఘాతాంకాలూ, రెండేసి శాఖల మధ్య లంకె సంఖ్యలూ కలిసి టోపాలజీని సంపూర్ణంగా నిర్ణయిస్తాయి.

అర్ధసమూహం, డెల్టా సంఖ్య

ఒకే శాఖ గల వక్రం మీద ఏదైనా ప్రమేయాన్ని తీసుకొని, అందులో పరామితి రూపాన్ని ప్రతిక్షేపించి, వచ్చిన శ్రేణిలో త యొక్క అతి తక్కువ ఘాతాన్ని వ్రాసుకోవాలి. ఇలా రాగలిగిన సంఖ్యలన్నిటి సమితిలో ఏ రెండింటిని కూడినా మళ్ళీ అందులోని సంఖ్యే వస్తుంది. దీనిని శాఖ యొక్క '''అర్ధసమూహం''' అంటారు. య³ = క్ష⁴ కు క్ష వలన 3, య వలన 4 వస్తాయి. మూడు రూపాయల, నాలుగు రూపాయల నాణేలు మాత్రమే ఉన్న అంగడిలో ఏయే మొత్తాలు చెల్లించవచ్చునో అవే ఈ సమితిలోని సంఖ్యలు. 1, 2, 5 చెల్లించడం కుదరదు, 6 నుంచి అన్నీ కుదురుతాయి. కుదరని సంఖ్యల లెక్క '''డెల్టా సంఖ్య'''. ఇక్కడ అది 3. మొన బిందువుకు కుదరనిది 1 మాత్రమే కనుక డెల్టా 1.

పైన చెప్పిన రెండు ఘాతాంకాల వక్రానికి నాణేలు 4, 6, 13. క్ష, య లు మొదటి రెండింటిని ఇస్తాయి, 13 మాత్రం య² − క్ష³ వలన వస్తుంది. కుదరని సంఖ్యలు 1, 2, 3, 5, 7, 9, 11, 15. మొత్తం ఎనిమిది. ఇందులో ఒక చక్కని పొందిక ఉంది. 0 నుంచి 15 వరకు సంఖ్యలను మొత్తం 15 వచ్చేటట్లు జతలు కట్టితే (0తో 15, 4తో 11, 6తో 9, 13తో 2 ఇలా) ప్రతి జతలోనూ ఒకటి కుదిరేది, మరొకటి కుదరనిది. సమతల వక్రాల శాఖలన్నిటికీ ఈ సౌష్ఠవం ఉంటుంది. మూడు పరిమాణాలలోని వక్రాలకు ఇది తప్పనిసరి కాదు.

డెల్టాకు జ్యామితిలో మరొక అర్థం ఉంది. పరామితి రూపాన్ని కొద్దిగా కదిలిస్తే అసాధారణ బిందువు విడిపోయి సాధారణమైన కూడలి బిందువులు మాత్రమే మిగులుతాయి. ఆ కూడళ్ళ సంఖ్యే డెల్టా. శాఖలు ఒకటి కన్నా ఎక్కువైతే, శాఖల డెల్టాలకు జతల ఖండన గుణకత్వాలను కలపాలి.

మిల్నర్ సంఖ్య

ఫ = 0 కు బదులు, సున్నకు చాలా దగ్గరగా ఉన్న స్థిరసంఖ్యకు ఫ ను సమానం చేస్తే అసాధారణ బిందువు మాయమై నునుపైన ఉపరితలం వస్తుంది. ఆ ఉపరితలం మీద ఒకదానితో ఒకటి సంబంధం లేని వలయాలు ఎన్ని గీయవచ్చునో ఆ లెక్క '''మిల్నర్ సంఖ్య''' (మ్యూ). మొన బిందువుకు ఈ ఉపరితలం ఒక చిల్లు పొడిచిన గారె. వలయాలు రెండు, కనుక మ్యూ 2.

దీనిని బీజగణితంతో కూడా గణించవచ్చు. ఫ యొక్క రెండు పాక్షిక అవకలజాలు కల్పించే ఆదర్శంతో ఘాత శ్రేణుల వలయాన్ని భాగిస్తే వచ్చే సదిశాంతరాళ పరిమాణమే మ్యూ. మొన బిందువుకు అవకలజాలు 2య, −3క్ష². మిగిలేవి 1, క్ష. కనుక మళ్ళీ 2. సాధారణంగా య^మ = క్ష^న కు మ్యూ విలువ (మ − 1)(న − 1). శాఖల సంఖ్యను ర అనుకొంటే మిల్నర్ సూత్రం:

మ్యూ = 2 × డెల్టా − ర + 1

పరీక్షగా య² = క్ష⁴ ను తీసుకోవచ్చు. డెల్టా 2, శాఖలు 2, కాబట్టి మ్యూ 3. అవకలజాల లెక్కలో మిగిలేవి 1, క్ష, క్ష². అవీ మూడే.

ఫ యొక్క గుణకాలు నిదానంగా మారుతూ ఉన్నా మిల్నర్ సంఖ్య మారకుండా ఉంటే, అసాధారణ బిందువు టోపాలజీ కూడా మారదు. దీనిని లే జుంగ్ ట్రాంగ్, సి. పి. రామానుజం 1976లో ప్రచురితమైన వ్యాసంలో నిరూపించారు. మరిన్ని చలరాశులున్న సందర్భాలకూ వారి సిద్ధాంతం వర్తిస్తుంది. సరిగ్గా మూడు చలరాశులు ఉన్న సందర్భం మాత్రం వారి నిరూపణకు లొంగలేదు. మద్రాసులో పుట్టి, టాటా పరిశోధనా సంస్థలో పనిచేసిన ఈ రామానుజం (1938–1974) ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి జీవించి లేడు. శ్రీనివాస రామానుజన్ వేరు, ఈయన వేరు.

మ్యూ ఒక్కటే చాలదని విద్యార్థులు గమనించాలి. య² = క్ష⁷ కు, య³ = క్ష⁴ కు మ్యూ 6, డెల్టా 3, శాఖ 1. మూడు సంఖ్యలూ సమానమే. అయినా మొదటిది (2, 7) ముడి, రెండవది (3, 4) ముడి. ఒకదానిని మరొకదానిగా మార్చలేము. ఈ రెండూ ఏ నిరంతర మార్గంలోనూ మ్యూ మారకుండా ఒకదాని నుంచి మరొకదానికి చేరలేవు కనుక పై సిద్ధాంతానికి ఇది విరుద్ధం కాదు.

అలెగ్జాండర్ బహుపది

ముడులను వేరు చేయడానికి వాడే పాత సాధనాలలో అలెగ్జాండర్ బహుపది ఒకటి. ఒకే శాఖ ఉన్నప్పుడు దీనిని నాణేల లెక్క నుంచే రాబట్టవచ్చు. అర్ధసమూహంలోని ప్రతి సంఖ్యనూ త కు ఘాతంగా వేసి కూడి, ఆ మొత్తాన్ని (1 − త) తో గుణిస్తే చాలు. మొన బిందువుకు 1 + త² + త³ + త⁴ + ... ను (1 − త) తో గుణిస్తే 1 − త + త² వస్తుంది. మూడు రేకుల ముడి అలెగ్జాండర్ బహుపది అదే. (3, 4) ముడికి ఇలాగే 1 − త + త³ − త⁵ + త⁶ వస్తుంది. (2, 7) ముడికి ఏడు పదాలు వస్తాయి. పై రెండు వక్రాలు వేర్వేరని దీనితో తేలికగా తేలుతుంది. శాఖలు ఎన్ని ఉన్నా వర్తించే ఇటువంటి సంబంధాన్ని కాంపియో, డెల్గాడో, గుసేన్‌జాదె 2003లో నిరూపించారు.

ముడి విప్పడం

ఒక ముడిలో తీగను తీగ గుండా ఎన్నిసార్లు దాటిస్తే అది పూర్తిగా విడిపోతుందో, ఆ కనీస సంఖ్యను విప్పుదల సంఖ్య అంటారు. ఒక శాఖ ముడిని డెల్టా దాటింపులతో విప్పవచ్చునని తెలుసు. అంతకన్నా తక్కువతో విప్పడం సాధ్యమా అని మిల్నర్ తన 1968 గ్రంథంలో ప్రశ్నించాడు. చూడడానికి చిన్న ప్రశ్న, జవాబుకు పాతికేళ్ళు పట్టింది. పీటర్ క్రోన్‌హైమర్, తోమాష్ మ్రోవ్కా 1993లో భౌతికశాస్త్రం నుంచి వచ్చిన గేజ్ సిద్ధాంతాన్ని ఉపయోగించి, సాధ్యం కాదని నిరూపించారు. కనుక (3, 4) ముడిని విప్పడానికి మూడు దాటింపులు తప్పవు. 1, 2, 5 చెల్లించలేమన్న నాణేల లెక్కలోని మూడే ఈ మూడు.

టోపాలజీకి అందనివి

ముడి అన్నిటినీ గుర్తుంచుకోదు. మూలబిందువు గుండా నాలుగు సరళరేఖలు గీస్తే, అవి ఏ వాలుతో ఉన్నా టోపాలజీ ఒకటే, నాలుగు తీగలు, ఏ రెండింటికైనా లంకె సంఖ్య 1. కాని నాలుగు వాలుల నుంచి గణించే వజ్ర నిష్పత్తి వేరైతే ఒక చతుష్కాన్ని వైశ్లేషిక పరివర్తనతో మరొక చతుష్కంగా మార్చడం కుదరదు. ఇక్కడ ఒక సంకీర్ణ సంఖ్య మొత్తంగా ముడి చేతి నుంచి జారిపోయింది.

ఒకే శాఖ ఉన్నా ఇది జరుగుతుంది. (త³, త⁷), (త³, త⁷ + త⁸) రెండింటికీ (3, 7) టోరస్ ముడే, మ్యూ 12. అయినా వైశ్లేషికంగా అవి వేర్వేరు. ఫ ను కూడా అవకలజాలతో చేర్చి ఆదర్శాన్ని కల్పిస్తే వచ్చే ట్యురినా సంఖ్య మొదటిదానికి 12, రెండవదానికి 11. ఒకే ముడి గల శాఖలలో వైశ్లేషిక భేదాలు ఎన్ని అన్న ప్రశ్నపై జరిస్కీ 1973లో పారిస్‌లో ప్రత్యేక ఉపన్యాసాలు ఇచ్చాడు.

గుణకత్వం మాత్రం ముడి నుంచి తెలుస్తుంది. అయితే ఇది సమతల వక్రాల సంగతి. చలరాశులు ఎక్కువైనప్పుడు కూడా టోపాలజీ గుణకత్వాన్ని నిర్ణయిస్తుందా అని జరిస్కీ 1971లో అడిగాడు. మిల్నర్ సంఖ్య మారని కుటుంబాలలో గుణకత్వం మారదని ఫెర్నాండెజ్ దె బొబదియ్యా, పెల్కా 2024లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించారు. జరిస్కీ అడిగిన పూర్తి ప్రశ్నకు ఇది ఒక భాగమే.

మరొక వైపు, ముడి నుంచి వచ్చే హోమ్‌ఫ్లై బహుపది అనే సూక్ష్మ నిశ్చరాన్ని వక్రం మీది బిందు సముదాయాల లెక్కతో రాబట్టవచ్చునని ఒబ్లోంకోవ్, షెండే 2012లో ఊహించారు. దవేష్ మౌలిక్ 2016లో దానిని నిరూపించాడు.